దానవాయిపేట డాక్టరు

సత్యనారాయణ వరండాలో కూర్చుని కాఫీ తాగడం అయిపోయింది. భార్య రత్నమాణిక్యం వచ్చి ఎదురుగా నిలబడితే, గ్లాసు కోసం వచ్చిందనుకుని చాపాడు. ఆమె తీసుకోలేదు.

"ఒకసారి నా కళ్ళకేసి చూడండి" అంది.

చూశాడు. పై రెప్పల మీద, ముక్కుకు దగ్గరగా, రెండు వైపులా పసుప్పచ్చటి పొరలున్నాయి. ఉడికిన పెసరపప్పు అంటుకుని ఎండిపోయినట్టున్నాయి. కుడివైపుది చిన్నది. ఎడమవైపుది కింది రెప్ప దాకా పాకబోతోంది.

"ఇవేంటి? ఎప్పుడొచ్చాయి?"

"ఎనిమిదేళ్ళయింది."

సత్యనారాయణ గ్లాసు కింద పెట్టాడు.

"ఇవి తీయించుకోవాలండి. ఎవరైనా మంచి డాక్టరుకి చూపించండి" అంది ఆమె.

"ఎనిమిదేళ్ళనుంచి ఉన్నవాటికి ఇప్పుడెందుకు తొందర?"

"ఎందుకేంటండి? బాగోలేవు కాబట్టి" అని గ్లాసు తీసుకుని లోపలికి వెళ్ళిపోయింది.

అది 1981 మే నెల. ఊరంతా సత్తిబాబు అని పిలిచే వీరవెంకటసత్యనారాయణకి అప్పుడు నలభై ఏడేళ్ళు. మండపేట పక్కన ఏడిదలో పద్దెనిమిది ఎకరాల మాగాణి, మండపేటలో ఒక రైసుమిల్లులో వాటా, కాకినాడ హాస్టల్లో చదువుకుంటున్న ఇద్దరు కొడుకులు. భార్య నలభై ఒకటిలో ఉంది. ఇరవై మూడేళ్ళ కాపురంలో తనకు ఇది కావాలని నోరు తెరిచి అడిగిన మనిషి కాదు. అలాంటిది, కళ్ళ దగ్గర మచ్చలు బాగోలేవు, తీయించమంటోంది. ఎవరికి బాగుండాలి?

ఆ ప్రశ్న అతనికి ఊరికే రాలేదు. రెండు నెలల కిందట మిల్లులో వాటాదారు చిట్టియ్య ఒక కబురు చెప్పాడు. "మీ ఆవిడగారి మేనబావ లేరాండి, గోపాలకృష్ణమూర్తి గారు, స్కిన్ స్పెషలిస్టు. కర్నూలు నుంచి వచ్చేసి రాజమండ్రి దానవాయిపేటలో ప్రాక్టీసు పెట్టారంట. జనం తెగ వెళ్తున్నారంటండి."

సత్యనారాయణ ఆ మాట మనసులో దాచుకోలేకపోయాడు. ఆ పూటే భోజనం చేస్తూ, మీ మేనత్త కొడుకు రాజమండ్రి వచ్చాడట అని, పేరెత్తకుండా, ఎవరి సంగతో చెబుతున్నట్టు భార్యతో అన్నాడు. ఆమె మజ్జిగ పోస్తూ "అలాగా" అంది. అంతే. ఆ ఒక్క మాటని రెండు నెలలనుంచీ అటూ ఇటూ తిప్పి చూస్తూనే ఉన్నాడు. సంతోషంగా అందా? మామూలుగా అందా? ముందే తెలిసి అందా?

రత్నమాణిక్యానికి పద్దెనిమిదేళ్ళు వచ్చేదాకా ఆమె గోపాలకృష్ణమూర్తి భార్య అవుతుందనే అందరూ అనుకున్నారు. అతను ఆమెకి మేనత్త కొడుకు. విశాఖపట్నంలో డాక్టరీ చదువుతుండేవాడు. పిల్ల తండ్రి ఆ ఏడే పెళ్ళి చేసెయ్యాలన్నాడు. పరీక్షలు పూర్తయ్యేదాకా రెండేళ్ళు ఆగమంది మేనత్త. తోడబుట్టిన చెల్లెలే తనకు గడువు పెడుతుందా అని ఆయనకి రోషం వచ్చింది. నెల తిరక్కుండా ఏడిద సంబంధం చూసి పెళ్ళి చేసేశాడు. అప్పటినుంచి ఆ రెండిళ్ళ మధ్యా రాకపోకలు లేవు. మాటలూ లేవు. ఆరేళ్ళ తర్వాత మామగారు పోయినప్పుడు కూడా మేనత్త ఒక్కతే వచ్చి, గుమ్మంలో ఏడ్చి వెళ్ళిపోయింది.

పెళ్ళి పందిట్లో తలంబ్రాలు పోస్తుండగా వెనకనుంచి ఎవరో ముసలావిడ "డాక్టరు గారు చేసుకోవలసిన పిల్ల" అంది. సత్యనారాయణ విన్నాడు. ఇరవై మూడేళ్ళలో ఆ సంగతి భార్యతో ఎన్నడూ అనలేదు. మర్చిపోనూ లేదు.

*

మర్నాడు ఆమెను మండపేటలో తమకు అలవాటైన డాక్టరు దగ్గరికి తీసుకెళ్ళాడు. ఆయన రెప్పల్ని వేలితో తడిమి, "నొప్పి లేదు కదమ్మా? ఇది నేను చేసేది కాదు. స్కిన్ స్పెషలిస్టు చూడాలి. మనకి దగ్గర్లో రాజమండ్రిలో గోపాలకృష్ణమూర్తి గారని మంచి ఆయన వచ్చారు. చీటీ రాసిస్తాను, వెళ్ళండి" అన్నాడు.

సత్యనారాయణ భార్య మొహంలోకి చూశాడు. ఆమె గోడమీద తగిలించిన పాలడబ్బా కంపెనీ క్యాలెండరు చూస్తోంది.

"కాకినాడలో ఎవరూ లేరాండి?" అన్నాడు.

"కాకినాడెందుకండీ? అంత దూరం పోవడం దేనికి?"

"కాదండి. కంటి దగ్గర కదా. కంటి డాక్టరుకి చూపిస్తే నయమేమోనని."

డాక్టరు అతనికేసి ఒకసారి చూసి, చీటీ రాయకుండా కలం మూత పెట్టేశాడు.

జూన్‌లో పిల్లల్ని హాస్టల్లో దింపడానికి కాకినాడ వెళ్ళినప్పుడు అక్కడ పేరున్న కంటి డాక్టరుకి చూపించాడు. ఆయన దీపం వేసి, భూతద్దం పెట్టి చాలాసేపు చూశాడు. కళ్ళు బ్రహ్మాండంగా ఉన్నాయన్నాడు. "ఇది కంటి జబ్బు కాదు. చర్మంలో కొవ్వు పేరుకుంది. మా ఊళ్ళో ఇవి చేసే ఆయన లాంగ్ లీవులో ఉన్నారు. మీది మండపేట వైపు అంటున్నారు కాబట్టి రాజమండ్రిలో..."

"తెలుసండి" అన్నాడు సత్యనారాయణ, పేరు బయటికి రాకముందే.

తిరుగు బస్సులో రత్నమాణిక్యం కిటికీ పక్కన కూర్చుంది. రామచంద్రపురం దాటాక, "ఇప్పుడెక్కడికి వెళ్దాం?" అంది.

"చూద్దాం. ఒక్కడేనా డాక్టరు, ప్రపంచంలో?"

"నేనెవరి పేరూ చెప్పలేదే!" అంది ఆమె. అని మళ్ళీ కిటికీలోంచి చూస్తూ కూర్చుంది. ఆ మాట అన్నప్పుడు ఆమె పెదవి చివర చిన్న నవ్వు కనిపించినట్టు అతనికి తోచింది.

ఆ తర్వాత చిట్టియ్యే కొవ్వూరులో ఒక హోమియోపతీ ఆయన సంగతి చెప్పాడు. చిట్టియ్య తల్లికి మోకాళ్ళ నొప్పులు ఆయన మందుతోనే తగ్గాయట. కొవ్వూరు వెళ్ళాలంటే రాజమండ్రిలో బస్సు మారాలి. రెండో బస్సు దానవాయిపేట మలుపు తిరిగి వంతెన వైపు వెళ్తుంటే, ఒక మేడ గేటు పక్కన తెల్ల బోర్డు మీద నల్లటి అక్షరాలు కనిపించాయి. సత్యనారాయణ వాటిని చివరిదాకా చదివాడు. పేరు, పేరు వెనక నాలుగు డిగ్రీలు, ఉదయం తొమ్మిది నుంచి ఒంటిగంట వరకు. గేటు బయట జనం బారుగా నిలబడి ఉన్నారు. వాళ్ళలో ఆడవాళ్ళే ఎక్కువున్నారనిపించింది. పక్కకి తిరిగి చూస్తే, భార్య కూడా ఆ బోర్డే చదువుతోంది.

"ఏం చూస్తున్నావు?"

"మీరు చూస్తున్నదే" అంది.

బస్సు వంతెన మీద పోతున్నంతసేపూ, కింద గోదావరి నిండుగా పారుతున్నా, ఆ వైపు ఇద్దరూ చూడలేదు.

హోమియోపతీ ఆయన మంచివాడే. ఒక గంటసేపు కూర్చోబెట్టి, ఏ వైపు తిరిగి పడుకుంటారు, పులుపంటే ఇష్టమా అని అడిగి, తియ్యటి మాత్రలు ఇచ్చాడు. ఆర్నెల్లు వాడమన్నాడు. రత్నమాణిక్యం ఒక్క పూట తప్పకుండా వాడింది. నెలకొకసారి సత్యనారాయణ ఒక్కడే కొవ్వూరు వెళ్ళి మాత్రలు తెచ్చేవాడు. ప్రతిసారీ ఆ మలుపులో బోర్డు కనిపించేది. ప్రతిసారీ జనం అంతకంతకూ ఎక్కువే ఉండేవారు. ఆ జనాన్ని చూసినప్పుడల్లా అతనికి కడుపులో మంట. తన మిల్లు ముందు కోతల కాలంలో లారీలు బారులు తీరితే గొప్పగా ఉంటుంది గాని, ఆ బారు వేరు. తనకోసం ఎవరూ పొద్దున్నే లేచి, తలదువ్వుకుని, దేవుడి దగ్గరికి వచ్చినట్టు రారు.

డిసెంబరుకి ఎడమవైపు పొర కింది రెప్పకి దిగింది.

"మందు పనిచెయ్యలేదు" అంది రత్నమాణిక్యం. ఫిర్యాదు చేసినట్టు కాదు. వర్షం పడలేదు అన్నట్టు అంది. అని అతని మొహంలోకే చూస్తూ నిలబడింది, ఏదో మాట కోసం ఆగినట్టు.

అప్పుడైనా అతను ఆ పేరు అనవలసింది. అనలేదు. "మన నాగరత్నం పులిపిర్లకి మందు వేస్తుంది కదా, అడిగి చూస్తే?" అన్నాడు.

నాగరత్నం ఆ వీధిలోనే ఉండే పెద్దావిడ. తాంబూలంలో వేసుకునే సున్నం, బట్టల సోడా కలిపి పుల్లతో పెడితే పులిపిరి మాడి రాలిపోయేది. ఊళ్ళో సగంమందికి ఆమె చేత్తోనే పోయాయి. అయినా ఆమె కూడా జంకింది.

"కంటి దగ్గరండి, సత్తిబాబు గారూ. నాకు భయమండి."

"కొంచెం పెట్టి చూడండి. ఎడమ వైపే."

రత్నమాణిక్యం పీట మీద కూర్చుని కళ్ళు మూసుకుంది. నాగరత్నం పుల్ల తీసుకుని ఆవగింజంత అద్దింది. కొంచెంసేపటికి మంట మొదలైంది. ఆమె పీట అంచు పట్టుకుని ఓర్చుకుంది. నీళ్ళతో కడిగారు, కొబ్బరినూనె రాశారు. సాయంత్రానికి ఆ రెప్ప ఉబ్బి కన్ను మూసుకుపోయింది. మర్నాటికి పుండు పడింది.

మండపేట డాక్టరు కట్టు కడుతూ సత్యనారాయణ మీద కేకలు వేశాడు. "మీరు చదువుకున్నవాళ్ళేనాండి? నేను రాజమండ్రి వెళ్ళమన్నానా, లేదా? ఇంకో నూలుపోగు ఇటు జరిగి ఉంటే కన్ను పోయేది!"

ఇంటికి వచ్చాక సత్యనారాయణ భార్యని అడిగాడు, "ఎందుకు ఒప్పుకున్నావు నువ్వు? వద్దనొచ్చు కదా?"

"మీరు ఎంతదాకా వెళ్తారో చూద్దామని" అంది ఒక్క కన్నుతో చూస్తూ.

*

సంక్రాంతి వెళ్ళిన వారానికి, మిల్లు పని మీద వెళ్తున్నానని చెప్పి రాజమండ్రి బస్సెక్కాడు. భార్యని తీసుకెళ్ళేముందు ఆ మనిషిని తన కళ్ళతో చూడాలనుకున్నాడు. ఎలా ఉంటాడు? ఎలా మాట్లాడతాడు? ఆడవాళ్ళని ఎలా చూస్తాడు?

వరసలో నిలబడ్డాడు. కాంపౌండరు పేరడిగితే "వెంకన్న" అన్నాడు. "ఏం కంప్లైంటు?" అంటే "దురద" అన్నాడు. రెండు గంటలు బల్లమీద కూర్చున్నాడు. డాక్టరు గది తలుపు తీసే ఉంది. మధ్యలో పచ్చటి తెర. ఫ్యాను గాలికి తెర కదిలినప్పుడల్లా లోపలి మనిషి కొంచెం కొంచెం కనిపిస్తున్నాడు.

అతను అనుకున్న మనిషి కాదు. ఇన్నేళ్ళూ అతని ఊహలో తెల్లచొక్కా వేసుకున్న పొడవాటి యువకుడు ఉండేవాడు, వయసు పెరగని వాడు. ఇక్కడున్నాయన పొట్టిగా ఉన్నాడు. బట్టతల, లావుపాటి కళ్ళజోడు. సత్యనారాయణకి ఒక్క క్షణం హాయిగా అనిపించింది. ఆ తర్వాత కాలి మీద పుండుతో ఒక ముసలమ్మ లోపలికి వెళ్ళింది. డాక్టరు కుర్చీలోంచి లేచి, కింద చిన్న స్టూలు మీద కూర్చుని, ఆమె కాలు తన ఒళ్ళో పెట్టుకుని, వాసన వేస్తున్న గుడ్డలు తనే విప్పాడు. "నొప్పెడుతుందా మామ్మగారూ? చెప్పండి, ఆపుతాను" అంటున్నాడు. ఆయన వేళ్ళు సన్నగా, పొడవుగా ఉన్నాయి. ఎంత మెల్లగా కదులుతున్నాయంటే, సత్యనారాయణ వద్దనుకుంటూనే వాటినే చూస్తూ ఉండిపోయాడు. ఆ వేళ్ళు మాణిక్యం రెప్పల మీద ఆనతాయి. మనిషి చెడ్డవాడైనా బాగుండేదనుకున్నాడు.

తన వంతు వచ్చింది.

"ఎక్కడండి దురద?"

"అన్నిచోట్లా అండి."

"ఇప్పుడుందా?"

"ఇప్పుడు... లేదండి."

డాక్టరు చేతులు, మెడ, వీపు చూశాడు. ఏమీ లేదు. "చర్మం శుభ్రంగా ఉంది. ఏ ఊరండి మీది?"

అబద్ధం చెబుదామనుకునేలోపే నోరు "ఏడిదండి" అనేసింది.

డాక్టరు రాస్తున్న కలం ఆపాడు. "మండపేట పక్కన ఏడిదేనా? అక్కడ సత్యనారాయణ గారని, రైసుమిల్లులో వాటా ఉన్న ఆయన, తెలుసాండి?"

"తెలుసండి."

"వారి భార్య మా మేనమామ కూతురు. రత్నం. ఎలా ఉందండి?"

రత్నం! ఇంట్లో, ఊళ్ళో అందరూ ఆమెను మాణిక్యం అంటారు. సత్యనారాయణ కుర్చీ చెయ్యి గట్టిగా పట్టుకున్నాడు.

"బాగానే ఉన్నారండి."

"ఆయన ఎలాంటి మనిషండి? బాగా చూసుకుంటారా?"

"చూసుకుంటాడండి" అని, కాసేపాగి, "కొంచెం మొండిమనిషి" అన్నాడు.

డాక్టరు నవ్వాడు. తర్వాత నవ్వు తగ్గించి, "మిమ్మల్నొక మాట అడుగుతాను, ఏమీ అనుకోకండి. ఆ అమ్మాయి కనురెప్పల మీద పసుప్పచ్చగా పొరల్లాంటివి ఏమైనా ఉన్నాయా? మీరు గమనించి ఉండరనుకోండి. పక్కింటివాళ్ళ మొహాలు అంత పట్టి చూడం" అన్నాడు.

"ఉన్నాయండి. రెండు రెప్పల మీదా. ఎనిమిదేళ్ళనుంచంట."

డాక్టరు కళ్ళజోడు తీసి బల్లమీద పెట్టాడు.

"మా మేనమామకి అచ్చం అలాగే ఉండేవి. నాకు చిన్నప్పుడు వాటిని వేలితో ముట్టుకోవడం సరదా. ఆయన నలభై ఎనిమిదో ఏట భోజనం చేసి, చెయ్యి కడుక్కుంటూ పడిపోయాడు. గుండె. అప్పటికి నాకు ఆ రెండిటికీ సంబంధం ఉండొచ్చని తెలీదు. ఇవి అందరికీ ప్రమాదం కాదండి. సగంమందికి ఒట్టి మచ్చలే. కాని కొందరికి రక్తంలో కొవ్వు బాగా ఎక్కువుందని గుర్తు. ఆ ఇంట్లో అలా జరిగింది కాబట్టి ఆ అమ్మాయికి రక్తపరీక్ష చేయించి తీరాలి. నేను కబురు పంపుదామనుకున్నాను. రెండిళ్ళకీ మాటల్లేవు. నేను పంపితే ఏమనుకుంటారో అని ఆగాను. ఆగకూడదు. అయినా ఆగాను."

ఒక చీటీ మీద ఏదో రాసి ఇచ్చాడు. "నా దగ్గరికి రావడం వాళ్ళాయనకి ఇష్టం లేకపోతే, విశాఖపట్నంలో ఈయన దగ్గరికి వెళ్ళమనండి. నా పేరు చెప్పక్కర్లేదు. త్వరగా వెళ్ళమనండి, అంతే. ఈ ఉపకారం చేస్తారా?"

"ఆయ్, అలాగేనండి" అని లేచాడు సత్యనారాయణ. దురదకి ఏం మందు రాశాడో చూడనైనా లేదు.

బస్సులో ద్వారపూడి దాకా నిలబడే వచ్చాడు. విశాఖపట్నం చీటీ జేబులో ఉంది. ఆ పెద్దమనిషే దారి చూపించాడు. తీసుకెళ్ళిపోతే ఈయన చేతులు ఆమెను తాకవు, ఈయన నోట "రత్నం" అనే మాట ఆమె వినదు. ఇంత మంచి అవకాశం తనకు ఎందుకిచ్చాడు? గొప్పతనం చూపించుకోవడానికా? అలా అనుకున్నందుకు తనమీద తనకే రోత పుట్టింది. అయినా అనుకున్నాడు.

రెండు రోజులు ఇంట్లో ఏమీ చెప్పలేదు. ఆ రెండు రోజులూ ఆమె నడిస్తే చూశాడు, మెట్లెక్కితే చూశాడు, కాస్త ఆగి ఊపిరి తీసుకుంటే ఉలిక్కిపడ్డాడు. మూడో రోజు మధ్యాహ్నం ఇద్దరూ భోజనానికి కూర్చున్నారు. అతనికి నెయ్యి వేసి, ఆమె తన కంచంలో వేసుకోబోతుంటే చెయ్యి పట్టుకున్నాడు.

"వేసుకోకు."

"ఎందుకని?"

అప్పుడు చెప్పేశాడు. వెంకన్ననని దొంగపేరు చెప్పడం, దురద, ముసలమ్మ కాలు, డాక్టరు అడిగినవి, తను చెప్పినవి, ఒక్కటీ దాచలేదు. జేబులోంచి చీటీ తీసి కంచం పక్కన పెట్టాడు.

రత్నమాణిక్యం లేచి చెయ్యి కడుక్కుని, లోపలికి వెళ్ళి బీరువాలో చీరల కింద పరిచిన కాగితం ఎత్తి, వారపత్రికలోంచి కత్తిరించిన ఒక ముక్క తెచ్చింది. డాక్టరు సలహాల శీర్షిక. ఎవరో కనురెప్పల మీద పొరల గురించి అడిగారు. గుండె సంగతి అందులో ఉంది. కాగితం అంచులు అప్పటికే మెత్తబడ్డాయి.

"ఇది నీకు ఎప్పుడు దొరికింది?"

"మిమ్మల్ని కళ్ళు చూడమన్న రోజుకి ముందు వారం. మా నాన్న గుర్తొచ్చాడు. నిద్ర పట్టలేదు."

"మరి చెప్పొచ్చు కదే! బాగోలేవు కాబట్టి అన్నావు!"

"చెబుదామనే వచ్చాను. ఎందుకు తొందర అని మీరు అడిగిన తీరు చూశాక చెప్పబుద్ధి కాలేదు. ఎవరి దగ్గరికి వెళ్ళాలో నాకూ తెలుసు. ఆ పేరు నేనంటే, మీరు బతికున్నన్నాళ్ళూ ఆ మాటే పట్టుకుని కూర్చుంటారు. మీ నోటితో మీరే అనాలనుకున్నాను. ఎనిమిది నెలలు చూశాను. ఒక్కోసారి, ఈయన అనేలోపు నేను పోతానేమో అనిపించేది. అయినా అనకూడదనే అనుకున్నాను. నాకూ రోషం ఉంది."

సత్యనారాయణ కంచం పక్కకి జరిపాడు. అన్నం చల్లారిపోయింది.

"విశాఖపట్నం వెళ్దామా? రాజమండ్రి వెళ్దామా? నువ్వు చెప్పు" అన్నాడు.

"మీరు చెప్పండి."

"రాజమండ్రి" అన్నాడు. కాస్త ఆగి, "గోపాలకృష్ణమూర్తి దగ్గరికి" అన్నాడు. ఆ పేరు అతను భార్య ఎదుట పలకడం అదే మొదటిసారి.

*

డాక్టరు ముందు ఆమెను చూశాడు. లేచి నిలబడ్డాడు. తర్వాత ఆమె వెనక ఉన్న మనిషిని చూశాడు. కళ్ళజోడు సర్దుకున్నాడు.

"మీరు..."

"సత్యనారాయణనండి."

డాక్టరు మొహంలోకి నవ్వు వస్తోందిగాని ఆయన రానివ్వడం లేదు.

"దురద తగ్గిందాండి?" అన్నాడు.

"ఇంకా తగ్గలేదండి" అన్నాడు సత్యనారాయణ, నిజమే చెప్పాడు.

"కూర్చోండి. కూర్చో రత్నం. అత్తయ్య ఎలా ఉంది?"

"బాగుంది బావా" అంది రత్నమాణిక్యం. అంత మామూలుగా అంది. ఇరవై మూడేళ్ళు అసలు మధ్యలో లేనట్టు. సత్యనారాయణకి ఆ మామూలుతనమే గుచ్చుకుంది. తడబడినా, సిగ్గుపడినా, ఏడ్చినా అతను ఏదో ఒకటి అనుకునేవాడు. ఏమీ లేనప్పుడు ఏమనుకోవాలి?

డాక్టరు ఆమె రెప్పలు చూశాడు. ఎడమవైపు కాలిన మచ్చ చూసి, ఎవరు చేశారని అడగలేదు. మోచేతులు చూశాడు, మడమ వెనక నరం నొక్కి చూశాడు. రక్తపరీక్షకి, ఈసీజీకి రాసిచ్చాడు. కొవ్వు మూడువందల నలభై వచ్చింది. ఈసీజీ బాగుంది. "ఇప్పుడొచ్చారు కాబట్టి నయం" అన్నాడు. మాత్రలు రాశాడు. నెయ్యి, గుడ్డులో పచ్చసొన, వేటమాంసం, కొబ్బరి మానమన్నాడు. పొలం గట్ల మీద రోజూ గంటసేపు నడవమన్నాడు. గుండె డాక్టరుకి కూడా చూపించమని ఉత్తరం ఇచ్చాడు.

కాలిన పుండు పూర్తిగా మానడానికి నెల పట్టింది. ఆ తర్వాత పొరలు తీయడం మొదలుపెట్టాడు. సన్నటి పుల్లకి దూది చుట్టి, ఒక రకం యాసిడ్‌లో ముంచి, పొర మీద మాత్రమే అద్దాలి. అది తెల్లబడుతుంది. వారానికి చెక్కు కట్టి రాలుతుంది. మూడు విడతలుగా చెయ్యాలన్నాడు. మొదటి రోజు కాంపౌండరు సెలవులో ఉన్నాడు.

"మీరు ఈ లైటు పట్టుకోండి, సత్యనారాయణ గారూ. ఇలా, వంచి. చెయ్యి కదపకూడదు" అన్నాడు డాక్టరు.

సత్యనారాయణ లైటు పట్టుకున్నాడు. బల్లమీద భార్య మొహం వెలుగులో ఉంది. కళ్ళు మూసుకుని ఉంది. అంత దగ్గరగా, అంతసేపు ఆమె మొహం అతను ఎన్నడూ చూడలేదు. నుదుటి పక్కన ఒక చిన్న గీత, చెంప మీద పుట్టుమచ్చ, కనుబొమలో రెండు తెల్లవెంట్రుకలు. ఎదురుగా డాక్టరు కూడా చూస్తున్నాడు. ఆయన చూపు బియ్యపుగింజంత మేర దాటి పక్కకి పోలేదు. ఆయన చూడనివన్నీ తను చూస్తున్నానని సత్యనారాయణకి అర్థమైంది. అయినా ఆ వేలు రెప్పని ఆనినప్పుడల్లా లైటు కొంచెం కదులుతూనే ఉంది.

"కదపకండి" అన్నాడు డాక్టరు రెండుసార్లు.

ఏప్రిల్ ఆఖరికి పొరలు పోయాయి. వాటి చోట చర్మం కొంచెం పాలిపోయినట్టు మిగిలింది. మళ్ళీ రావచ్చని, వస్తే మళ్ళీ తీద్దామని డాక్టరు ముందే చెప్పాడు. రక్తంలో కొవ్వు మూడు నెలలకొకసారి చూపించుకోవాలి.

జూలైలో పరీక్షకి వెళ్ళవలసిన రోజుకి ఊడ్పులు మంచి జోరు మీదున్నాయి. ముప్ఫైమంది కూలీలు చేలో దిగి ఉన్నారు. సత్యనారాయణ కదలడానికి వీల్లేదు.

"వచ్చే వారం వెళ్దాం" అన్నాడు.

"నేనొక్కదాన్నే వెళ్ళొస్తాను. బస్సెక్కితే గంటన్నర" అంది రత్నమాణిక్యం.

వద్దనడానికి అతనికి కారణం దొరకలేదు. పొద్దున్న ఏడింటి బస్సుకి వెళ్ళింది. అతను గట్టు మీద నిలబడి నారు కట్టలు విసిరిస్తూ, వెళ్ళే బస్సులు, వచ్చే బస్సులు చూస్తూనే ఉన్నాడు. ఇప్పుడు దిగి ఉంటుంది. ఇప్పుడు వరసలో కూర్చుని ఉంటుంది. వరసలో కూర్చోబెట్టరు, తిన్నగా లోపలికి పిలుస్తారు. డాక్టరు భార్య ప్రసన్నకుమారి కాఫీ తెస్తుంది, ఆ మధ్య వెళ్ళినప్పుడూ తెచ్చింది, మంచి మనిషి. ఆవిడ ఇంట్లో ఉంటుందో లేదో. ఒక కూలామె "సత్తిబాబు గారూ, కట్ట ఇటండి" అని అరిచేదాకా, విసిరినచోటే మళ్ళీ విసిరాడని అతనికి తెలియలేదు.

మూడున్నరకి బస్సు దిగి, చెప్పులు చేత్తో పట్టుకుని, రత్నమాణిక్యం గట్టు మీదుగా తిన్నగా చేలోకే వచ్చింది.

"రెండువందల యాభైకి దిగింది" అంది.

"మంచిది. ఏమన్నాడు?"

"మాత్రలు అవే వాడమన్నాడు."

"ఇంకేమన్నాడు?"

"నడుస్తున్నావా అన్నాడు. నడుస్తున్నానన్నాను."

"ఇంకా?"

ఆమె అతనికేసి చూసింది. కూలీలు వంగి ఊడుస్తూ పాట అందుకున్నారు. సత్యనారాయణ కాళ్ళు మోకాళ్ళ దాకా బురదలో ఉన్నాయి.

"నాకు కుళ్ళుగా ఉంది, మాణిక్యం" అన్నాడు. "పొద్దున్నుంచీ ఇలాగే ఉంది. వాడు మంచివాడు. నువ్వు మంచిదానివి. నాకు తెలుసు. తెలిసినా కుళ్ళుగానే ఉంది."

ఇరవై నాలుగేళ్ళకి ఆ మాట బయటికి వచ్చింది. ఆమె నవ్వుతుందనుకున్నాడు. కోప్పడుతుందనుకున్నాడు. ఆమె గట్టు మీద పొడిగా ఉన్న చోట చూసుకుని కూర్చుంది.

"పొద్దున్న వెళ్ళినప్పటినుంచీ చెబుతాను, వినండి" అంది. "బస్సులో సీటు దొరకలేదు. ద్వారపూడిలో దొరికింది..."

సత్యనారాయణ చేతిలో ఉన్న నారు కట్ట కింద పెట్టి వినడం మొదలుపెట్టాడు.